సిగరెట్ పెట్టె కొంటే లైసెన్సు పోయింది!

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 2019 ఏప్రిల్ దాకా ఓ వింత చట్టం అమల్లో ఉండేది. మైనరు కుర్రాడు సిగరెట్లు కొంటూ దొరికితే అతని డ్రైవింగ్ లైసెన్సుకు ఎసరొచ్చేది. కొట్టుకు కారులో వెళ్లాడా, నడిచి వెళ్లాడా అని అడిగేవారే లేరు. ఇంట్లో సోఫాలో కూర్చున్న మనిషి జేబులో గంజాయి దొరికి శిక్ష పడినా అంతే. మొదటిసారైతే ఆర్నెల్లు, రెండోసారికి ఏడాది, మూడోసారికి రెండేళ్లు కారు ముట్టుకోకూడదు. 2011 నుంచి 2016 వరకు ఆ ఒక్క రాష్ట్రంలోనే మాదకద్రవ్యాల కేసుల్లో సుమారు 1,49,000 లైసెన్సులు ఇలా సస్పెండయ్యాయి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

ఈ ముడి వేసింది వాషింగ్టన్. డ్రగ్స్ మీద యుద్ధమంటూ దేశం ఊగిపోతున్న రోజుల్లో, 1990లో, కాంగ్రెస్ ఓ మెలిక పెట్టింది. డ్రగ్స్ కేసులో శిక్ష పడిన ప్రతి ఒక్కరి లైసెన్సూ ఆర్నెల్లు ఆపాలి, లేదంటే రాష్ట్రానికిచ్చే రహదారి నిధుల్లో కోత తప్పదు. ఇష్టం లేని రాష్ట్రాలకు తప్పుకునే దారి కూడా అందులోనే ఉంది. శాసనసభ తీర్మానించి, గవర్నరు రాసిస్తే చాలు. చాలా రాష్ట్రాలు ఆ పని చేశాయి, కొన్ని దశాబ్దాలపాటు చేయలేదు. డ్రగ్స్ మీద మెతకబడ్డాడన్న మాట ఏ నాయకుడికి కావాలి? అంతకు ముందే, 1988లో, వెస్ట్ వర్జీనియా బడి మానేసిన పిల్లల లైసెన్సుల మీద పడింది. అయోవాలో ఒకప్పుడు చదువు అప్పు తీర్చకపోయినా లైసెన్సుకు ముప్పు ఉండేది. ఏ తప్పుకైనా ఇదే మందు!

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉన్న పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండొచ్చిన మన పెద్దవాళ్లను కదిపి చూడండి. పాలు అయిపోతే పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సిందేనని వాపోతారు. అక్కడ చాలా ఊళ్లలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. వాళ్లకది కొన్నాళ్ల ఇబ్బంది. పొద్దున ఆరింటికి గోడౌన్లో షిఫ్టు ఎక్కాల్సినవాడికి కూటి సమస్య. న్యూజెర్సీలో 2006లో ఒక అధికారిక బృందం ఆరా తీస్తే, లైసెన్సు సస్పెండైన వాళ్లలో 42 శాతం మంది ఉద్యోగం పోగొట్టుకున్నట్టు తేలింది. వాళ్లలో 45 శాతం మందికి మళ్లీ పని దొరకలేదు.

అసలు దెబ్బ జరిమానాలతో పడింది. కాలిఫోర్నియాలో ఎర్రలైటు దాటితే జరిమానా 100 డాలర్లు. వినడానికి బాగానే ఉంది. కానీ బిల్లు వచ్చేది 490కి. రాష్ట్రం వాటా 100, కౌంటీది 70, కోర్టు భవనాల కోసం 50, డీఎన్ఏ నిధికి 50, కోర్టు నిర్వహణకు 40, అంబులెన్సులకు 20... చివరికి రాత్రిపూట నడిచే కోర్టు పేరిట ఒక డాలరు కూడా. అప్పట్లో గడువు దాటితే మొత్తం 815 అయ్యేది. ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, ఎర్రలైటు ఒక్కసారి దాటినందుకు లైసెన్సు పోయేది కాదు, డబ్బు కట్టనందుకు పోయేది. అదే లైటు దాటిన డబ్బున్నవాడు బిల్లు కట్టేసి మర్నాడు దర్జాగా కారెక్కేవాడు. ఇద్దరిలో ఎవరు ప్రమాదకరంగా నడిపారన్న ప్రశ్నే వచ్చేది కాదు. ఇలా డబ్బు కట్టనందుకో, కోర్టుకు హాజరు కానందుకో 2006 నుంచి ఎనిమిదేళ్లలో ఆ రాష్ట్రంలో 40 లక్షలకు పైగా లైసెన్సులు ఆగిపోయాయి.

లైసెన్సు లేకుండా నడపడం మరో నేరం. నడపకపోతే కూలి లేదు, నడిపితే కొత్త జరిమానా, ఒక్కోసారి జైలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. విచిత్రమేమిటంటే, దీన్ని ఆపమన్నవాళ్లలో లైసెన్సులిచ్చే అధికారులే ఉన్నారు. సస్పెండైన డ్రైవర్లలో, నడపడంతో సంబంధం లేని కారణాలకు దొరికినవాళ్లు 2002లో 29 శాతం, 2006లో 39 శాతమని వాళ్ల సంఘమే లెక్క తేల్చి, ఇలాంటి చట్టాలు రద్దు చేయాలని 2013లో సిఫార్సు చేసింది. తాగి నడిపేవాడూ బాకీపడ్డవాడూ ఒకే జాబితాలో ఉంటే రోడ్డు మీద పోలీసు ఎవరి కోసం చూడాలి?

ఆ తర్వాత కదలిక వచ్చింది. 2016లో మసాచుసెట్స్ డ్రగ్స్ కేసుల సస్పెన్షన్లను, భారీ అక్రమ రవాణా మినహా, ఎత్తేసింది. అంతకు ముందు అక్కడ లైసెన్సు వెనక్కి తెచ్చుకోవడానికే 500 డాలర్లు కట్టాల్సి వచ్చేది. సంతకం చేసిన గవర్నర్ చార్లీ బేకర్ రిపబ్లికన్. బాకీల వల్ల సస్పెండ్ చేయడాన్ని డెమొక్రాట్ల కాలిఫోర్నియా 2017లో మానుకుంది. పెన్సిల్వేనియా 2018లో చట్టం మార్చింది, ఆ మార్పు 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. వర్జీనియాలో 2019లో 6 లక్షల మందికి పైగా తిరిగి లైసెన్సు పొందే వీలు కలిగింది.

మనం నవ్వుకోనక్కర్లేదు. మన మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలవాటుపడ్డ నేరస్తుడన్న కారణంతోనూ లైసెన్సు రద్దు చేయొచ్చు. బాకీల విషయంలో మాత్రం తెలంగాణ వేరే దారి పట్టింది. 2022 మార్చిలో పెండింగ్ చలాన్లపై టూవీలర్లకు 75 శాతం రాయితీ ఇస్తే జనం ఎగబడి కట్టారు. ఇదేమీ ఆదర్శం కాదులెండి, మళ్లీ ఎప్పుడిస్తారా అని కాచుకు కూర్చునేవాళ్లను తయారు చేసింది. కానీ డబ్బయితే వచ్చింది.

అమెరికాలో తేలని చిక్కు ఒకటుంది. విడిపోయిన తండ్రి పిల్లల పోషణ ఖర్చు ఇవ్వకపోతే లైసెన్సు ఆపే ఏర్పాటు ప్రతి రాష్ట్రంలోనూ ఉండాలని 1996 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. గంజాయి కేసులో జాలిపడ్డవాళ్లూ ఇక్కడ వెనకాడతారు. ఇవ్వగలిగి ఎగ్గొట్టేవాడి మీద నాకూ జాలి లేదు. కానీ అక్కడ ఈ డబ్బులో సింహభాగం యజమాని నెలనెలా జీతంలోంచి కోసి పంపితేనే పిల్లలకు చేరుతోంది. లైసెన్సు పోయి తండ్రి ఉద్యోగం ఊడితే ముందుగా ఆగేది ఆ కోతే.