ఇంటిని వెంట కట్టుకొని ప్రయాణం



నిరుడు వేసవిలో మా అమ్మా నాన్నా హోసూరు నుంచి అమెరికాలోని డల్లాస్‌కు, మా చెల్లెలి ఇంటికి వెళ్ళారు. వెళ్ళిన నెలకే చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, ఒక చిన్న ట్రైలర్ ఇల్లు కొనాలనుకుంటున్నాం. అమ్మా నాన్నా, పిల్లలిద్దరూ, మేమిద్దరం, మొత్తం ఆరుగురం కొలరాడో కొండలకు పోయి వస్తాం. మా కారు 5,000 పౌన్లు లాగుతుంది. ట్రైలర్ ఖాళీ బరువు 3,300 పౌన్లే. అమ్మకు మోకాళ్ళ నొప్పి కదా, దారి పొడుగునా వెనక మంచం మీద పడుకొని వస్తుంది" అంది.

వినడానికి ఎంతో బాగుంది. కాని ఆ నాలుగు మాటల్లో మూడు పొరపాట్లు ఉన్నాయి. మన సరిహద్దు జిల్లాల ఇళ్ళలో ఎందరి పిల్లలో ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. వాళ్ళ కారులో ఎక్కి కూర్చునేది మీరే కావచ్చు. అందుకే ఈ పూట ఆ మూడు పొరపాట్ల గురించి చెబుతాను.

ముందుగా ఈ ట్రైలర్ అంటే ఏమిటో చూద్దాం. అది ఇంజన్ లేని చక్రాల ఇల్లు. లోపల మంచాలు, చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది ఉంటాయి. ముందు వైపు ఒక ఇనుప నొగ పొడుచుకొని వస్తుంది. దాన్ని కారు వెనక ఉన్న గుండు మీద తగిలించి లాక్కుపోతారు. అమెరికాలో ఈ బళ్ళ తయారీకి ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ పట్టణం పేరుమోసింది. వెండిలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ బళ్ళు 1930ల నుంచీ ఉన్నాయి. కోడిగుడ్డు ఆకారంలో ఫైబర్ గాజుతో చేసే స్క్యాంప్ వంటి చిన్న బళ్ళు 1970ల నుంచీ ఉన్నాయి. ఎస్‌యూవీ అని పిలిచే పెద్ద కార్లకు తగినట్టు తేలికగా చేసిన రకాలు ఈ మధ్య చాలా వచ్చాయి. అయితే "తేలిక" అన్న మాట అమ్మేవాడిది. మన కారుకు తేలికా కాదా అన్నది మనమే లెక్క కట్టుకోవాలి.

ఆ లెక్కకు మూలం ఎద్దులబండి తోలిన ప్రతి రైతుకూ తెలుసు. రెండు చక్రాల బండిలో రాగుల మూటలు అన్నీ వెనక్కి సర్దితే ఏమవుతుంది? నొగ పైకి లేస్తుంది, కాడి ఎద్దుల మెడ మీద నుంచి తేలిపోయి పట్టెళ్ళు గొంతుకు బిగుస్తాయి. అన్నీ ముందుకు సర్దితే కాడి బరువుకు మెడలు పుండ్లు పడతాయి. అందుకని తెలిసినవాడు మూటలను ఇరుసుకు అటూ ఇటూ సర్ది, కొంచెం బరువు మాత్రం ముందుకు మొగ్గేలా చూస్తాడు. ట్రైలర్ కూడా అంతే. నొగ చివర కారు మీద పడే ఈ మొగ్గు బరువును అక్కడ టంగ్ వెయిట్ అంటారు. మంచాల ట్రైలర్ పూర్తిగా నిండిన తరువాత దాని బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఈ మొగ్గు ఉండాలని అమెరికాలో నియమం. అంతకంటే తగ్గితే వేగంలో ట్రైలర్ పాము నడకలా అటూ ఇటూ ఊగుతుంది. పెరిగితే కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ మాట వినదు.

ఇక మొదటి పొరపాటు: కారు 5,000 పౌన్లు లాగుతుంది అన్నది. పౌను అంటే సుమారు 454 గ్రాములు. 5,000 పౌన్లంటే 2,268 కిలోలు. హోండా పైలట్ వంటి మూడు వరుసల కారు నాలుగు చక్రాల డ్రైవ్‌తో ఉంటే అంత లాగుతుందని కంపెనీ చెబుతుంది. అదే కారు రెండు చక్రాల డ్రైవ్ అయితే 3,500 పౌన్లే. చిన్నదైన సీఆర్-వీ అమెరికాలో 1,500 పౌన్లు మాత్రమే. కాబట్టి పేరు చూసి చాలదు, ఆ కారు పుస్తకం చూడాలి. ఇంకొకటి. అక్కడి ఆటోమోటివ్ ఇంజనీర్ల సంస్థ ప్రమాణం ప్రకారం ఈ అంకెను తేల్చేటప్పుడు కారులో ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు 68 కిలోలు ఉన్నట్టు లెక్క. మా వాళ్ళు ఆరుగురు!

లాగడం వేరు, మోయడం వేరు. ఎద్దు బండిని లాగుతుంది, కాడిని మోస్తుంది. కారు కూడా ట్రైలర్‌ను లాగుతూ, మనుషులనూ, సామానునూ, నొగ మొగ్గునూ మోస్తుంది. ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే చీటీ మీద కిలోల్లోనూ, పౌన్లలోనూ రాసి ఉంటుంది. "మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించరాదు" అని దాని అర్థం. నేను చెల్లెలిని ఆ తలుపు తీసి చదవమన్నాను. 590 కిలోలు అంది.

కాగితం తీసుకొని లెక్క వేశాం. మీరూ వేయండి. చెల్లెలూ, ఆమె భర్తా కలిపి 150 కిలోలు. పిల్లలిద్దరూ 80. అమ్మా నాన్నా 130. మనుషులే 360 కిలోలు అయ్యారు. కారులో పెట్టె బట్టలు, తిండి సామాను 60. ట్రైలర్‌ను తగిలించే ఇనుప సరంజామా 35. మొత్తం 455. చీటీలోని 590 లోంచి తీసేస్తే మిగిలింది 135 కిలోలు. ట్రైలర్ మొగ్గుకు ఉన్న చోటు అంతే. మొగ్గు నూటికి 12 వంతులు అనుకుంటే, 135 కిలోల మొగ్గు 1,125 కిలోల ట్రైలర్‌కు సరిపోతుంది. అంటే 2,268 కిలోలు లాగుతుందన్న కారు, ఆ ఆరుగురితో లాగదగింది అందులో సగమే!

అమ్మా నాన్నా లేకుండా నలుగురే వెళితే మొగ్గుకు 265 కిలోల చోటు వస్తుంది. అప్పుడు మొగ్గు లెక్క ఒక్కటే చూస్తే 2,200 కిలోల దాకా వస్తుంది. కారు అదే, ట్రైలర్ అదే. మనుషులు మారితే లెక్క మారింది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ ప్రసంగం సారమంతా గుర్తున్నట్టే.

రెండో పొరపాటు ఖాళీ బరువు. అమ్మేవాడు పలక మీద రాసే 3,300 పౌన్లు, అంటే సుమారు 1,500 కిలోలు, ఫ్యాక్టరీలోంచి బయటకు వచ్చినప్పటిది. నీళ్ళూ, సామానూ అందులో లెక్కలేదు. గ్యాసు, బ్యాటరీ కూడా తరచు ఉండవు. 30 గ్యాలన్ల నీళ్ళ తొట్టి నింపితే 113 కిలోలు. రెండు గ్యాసు సిలిండర్లు నిండుగా 34. బ్యాటరీ 25. పరుపులు, పాత్రలు, బియ్యం, కుర్చీలు, పిల్లల ఆటవస్తువులు కలిపి 200 అనుకుందాం. మొత్తం 1,872 కిలోలు అయింది. దాని మొగ్గు 12 వంతుల చొప్పున 225 కిలోలు. మా చెల్లెలి కారులో ఉన్న చోటు 135. తొంభై కిలోలు ఎక్కువ!

కాబట్టి ట్రైలర్ కొనేటప్పుడు ఖాళీ బరువు అడగకండి. అది నిండుగా ఉన్నప్పుడు ఎంత దాకా ఉండవచ్చో ఆ గరిష్ఠ బరువును చూడండి. ట్రైలర్ ఎడమ వైపు ముందు భాగంలో అతికించిన చీటీలో అది ఉంటుంది. ఆ అంకె మీ కారుకు పనికివస్తే ఆ పైన ధైర్యంగా లోపలికి వెళ్ళి మంచాలూ, పొయ్యీ చూసుకోవచ్చు. లోపల చూడవలసింది కొంచెమే. పిల్లలకు ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు ఉన్నాయా, పెద్దవాళ్ళు రాత్రి లేచి స్నానాల గదికి పోవడానికి ఎవరినైనా దాటవలసి వస్తుందా, మెట్టు ఎంత ఎత్తు ఉంది, ఇవి చూస్తే చాలు. బరువైన అలమరలు వెనక చివర ఉన్న బండి కంటే ఇరుసు దగ్గర ఉన్న బండి మేలు.

బరువు సర్దే కడ్డీల కొక్కెం ఒకటి అమ్ముతారు. అది కారు వెనక ఇరుసు మీది భారాన్ని కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ ఇరుసుకూ పంచుతుంది. మంచిదే. కాని దాన్ని బిగించినంత మాత్రాన చీటీలోని 590 కిలోలు 600 కావు. కొన్ని కార్లకు ఆ కొక్కెం వాడవద్దని కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది. అదీ చూసుకోవాలి.

మూడో పొరపాటు అమ్మ వెనక మంచం మీద పడుకొని రావడం. కదిలే ట్రైలర్‌లో మనిషి ఉండకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అది నిషిద్ధం. చట్టం ఒప్పుకున్న చోట కూడా తగదు. అందులో సీటు బెల్టు లేదు, కారు కుదుపు దానికి రెండింతలై తగులుతుంది, లోపల ఉన్నవాళ్ళు పిలిచినా ముందు వినపడదు. మన ఊళ్ళలో జాతరకు ట్రాక్టర్ ట్రక్కులో జనాన్ని ఎక్కించే అలవాటు ఎన్ని ఇళ్ళకు ఏడుపు తెచ్చిందో మనకు తెలియనిది కాదు. మోకాళ్ళ నొప్పి ఉంటే రెండు గంటలకు ఒకసారి కారు ఆపి నడిపించాలి. ఆగిన తరువాత ఆ మంచం ఎలాగూ ఉంటుంది.

లాగడంతో పని అయిపోలేదు, ఆపడం కూడా చూడాలి. ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఎంత బరువు నుంచి తప్పనిసరో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో 1,500 పౌన్ల నుంచి, టెక్సాస్‌లో 4,500 పౌన్లు దాటితే. చట్టం వదిలినా వేల పౌన్ల బండికి బ్రేకులు లేకుండా కొండ దిగడం తెలివైన పని కాదు. ఈ బ్రేకులు విద్యుత్తుతో పనిచేస్తాయి. వాటిని నడిపే చిన్న పెట్టె డ్రైవర్ చేతికి అందేలా బిగిస్తారు. గొలుసులు రెండూ నొగ కింద అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వేయాలి. నొగ ఊడినా గొలుసుల ఊయల మీద పడుతుంది, నేలను గుచ్చుకోదు. కొలరాడోలో పెద్ద రోడ్డు ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 11,000 అడుగుల ఎత్తుకు పోతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకూ నూటికి సుమారు మూడు వంతుల బలం కోల్పోతుంది. అంటే అంత ఎత్తున మూడింట ఒక వంతు బలం ఉండదు. మైదానంలో "బాగానే లాగింది" అన్నది కొండకు సాక్ష్యం కాదు.

వేగం విషయం. ట్రైలర్ టైర్లలో చాలావాటి హద్దు గంటకు 65 మైళ్ళు. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బండికి చట్టమే 55 మైళ్ళు అంటుంది. ఒకవేళ ట్రైలర్ ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ నిలకడగా పట్టుకొని, చేతి దగ్గరి పెట్టెతో ట్రైలర్ బ్రేకులు మాత్రం మెల్లగా వేయాలి. తరువాత పక్కకు ఆపి, సామాను మళ్ళీ సర్దాలి.

మొగ్గు ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? ఇంట్లో మనుషుల తూకం యంత్రం చాలు. నేను తరగతిలో చెప్పే తులాదండ సూత్రమే ఇది. గట్టి పలక ఒక కొసను ఇటుక మీద, రెండో కొసను తూకం యంత్రం మీద పెట్టాలి. ట్రైలర్ నొగను ఇటుక కొస నుంచి ఒక అడుగు దూరంలో, యంత్రం కొస నుంచి రెండు అడుగుల దూరంలో ఆనించాలి. యంత్రం చూపిన అంకెను మూడుతో హెచ్చవేస్తే మొగ్గు వస్తుంది. 75 చూపితే 225 కిలోలు. పలక బరువును ముందే తీసివేయాలి, చక్రాలకు అడ్డుకట్టలు మరచిపోరాదు. మొత్తం బరువుకు మన వే బ్రిడ్జి లాంటి కాటాలు అక్కడ లారీలు ఆగే చోట్ల ఉంటాయి. కారునూ, ట్రైలర్‌నూ విడివిడి ఇరుసులుగా తూచి చీటీ ఇస్తారు.

మా వాళ్ళు చివరికి ఏం చేశారు? కొనలేదు. ముందు మూడు రోజులకు అలాంటిదే ఒకటి అద్దెకు తీసుకొని, డల్లాస్‌కు దగ్గరలోని ఒక చెరువు గట్టుకు వెళ్ళాలనుకున్నారు. అమ్మా నాన్నలకు వేరే కారు ఏర్పాటు చేశారు. బయలుదేరే ముందు పిల్లల సైకిళ్ళు రెండూ ట్రైలర్ వెనక కమ్మీకి కట్టారు. మా నాన్న ముప్పై ఏళ్ళు బండి తోలిన మనిషి. ఇంగ్లీషు చీటీలు ఆయనకు రావు. కాని నొగ కింద చేయి పెట్టి ఎత్తి చూసి, "మొగ్గు చాల్లేదు, ఆ సైకిళ్ళు తీసి ముందుకు తెండి" అన్నాడట. పలక వేసి తూచారు. నూటికి ఎనిమిది వంతులే ఉంది. సైకిళ్ళు కారు మీదికి మారాయి, నీళ్ళ తొట్టి సగమే నింపారు. మళ్ళీ తూస్తే పదకొండు వచ్చింది. అప్పుడు కదిలారు.

శ్రోతలారా, ఈ సంగతి అమెరికాకే చెందిందని అనుకోకండి. మామిడి బుట్టలు నింపిన ట్రాక్టర్ ట్రక్కుకూ, చింతపండు మూటల బండికీ ఇదే లెక్క. ఫోన్‌లో పిల్లలు "మా కారు ఇంత లాగుతుంది" అన్నప్పుడు, "ఎంత మోస్తుంది నాయనా? తలుపు తీసి చదువు" అని అడగండి. ఆ ప్రశ్న అడగడానికి ఇంగ్లీషు రానక్కరలేదు, బండి తెలిస్తే చాలు.