ఉప్పునీటి నడుమ సేద్యం

గంగానది పాయలు బంగాళాఖాతంలో కలిసే చోట సుందరవనాలు ఉన్నాయి. భారతదేశానికి చెందిన భాగంలో 102 దీవులు ఉండగా, వాటిలో 54 జనావాసాలు. అచ్చటి ప్రజలలో అధిక సంఖ్యాకులకు వరిసాగే జీవనాధారం. వాతావరణ మార్పువల్ల సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలో ఆ రైతు తన నేలను ఎట్లు నిలుపుకొనగలడో మేము ఇచ్చట వివరింపదలచినాము.

ముందుగా నేల స్థితిని గ్రహించవలెను. నది తెచ్చే ఒండ్రు ఏటేటా పేరుకొని దీవి ఎత్తు పెరుగుట ప్రకృతి ధర్మం. ఆ ఎత్తు పూర్తి కాకమునుపే బ్రిటిషువారి కాలంలో అడవి నరికి, చుట్టూ మట్టికట్టలు పోసి, సాగు ప్రారంభించినారు. కట్ట ఉప్పునీటిని ఆపింది. దానితోపాటు ఒండ్రునూ ఆపింది. అందుచేత నేడు చాలా పొలాలు సముద్రపు పోటు మట్టానికంటె పల్లంలో ఉన్నాయి. 2009 మే 25న వచ్చిన ఐలా తుపానుకు కట్టలు తెగి, ఉప్పునీరు పొలాలను ముంచెత్తింది. ఎందరో యువకులు కూలిపనులకై దూర రాష్ట్రాలకు వలసపోయినారు.

కట్ట తెగకున్నా కష్టం తప్పదు. వానకాలంలో నీరు బయటికి పోక పైరు మునుగుతుంది. వేసవిలో నేల అడుగునున్న ఉప్పు తేమతోపాటు పైకి ప్రాకి పొరకడుతుంది. కావున ఒక్క వరిపంట తరువాత నేల బీడుగా పడియుండేది.

దీనికి కానింగ్ పట్టణంలోని కేంద్ర లవణ నేలల పరిశోధనా కేంద్రంవారు ఒక ఉపాయం రూపొందించినారు. పొలంలో ఐదవ వంతును సుమారు 3 మీటర్ల లోతు చెరువుగా త్రవ్వి, ఆ మట్టితో తక్కిన నేలను మెరక, నడిమి, పల్లం అని మూడు తరగతులుగా తీర్చుతారు. మెరకమీద కూరగాయలు, నడిమి నేలలో వరి, దాని తరువాత కొద్దినీటి పైర్లు, పల్లంలో వరితోపాటు చేపలు. చెరువులో నిలిచిన వాననీరు వేసవి పైరుకు ఆధారం. ఎత్తు పెరిగిన నేల అడుగునున్న ఉప్పునీటికి దూరమవుతుంది. నది చేయవలసిన పనిని రైతు పారతో చేస్తున్నాడన్నమాట.

అయితే ఎకరం నేల గలవానికి ఐదవ వంతు విడుచుట తేలిక కాదు. త్రవ్వకపు ఖర్చును తానొక్కడే భరించలేడు. కౌలుదారునికి పరుల నేలను త్రవ్వే హక్కే లేదు. కట్ట తెగితే చెరువు సైతం ఉప్పుపాలగును. కాబట్టి కట్టలూ, వాటి ముందు మడ అడవులూ ఉండవలసినదే.

మన దివిసీమ సైతం కృష్ణ పాయల నడుమనున్న దీవియే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను తెలుగువారు మరువలేదు. విపత్తు వచ్చిన పిమ్మట బియ్యం పంచుట అవసరమే. విపత్తుకు మునుపే పేదరైతు నేలను తీర్చిదిద్దుటకు, కౌలుదారునికి ఆ హక్కు కల్పించుటకు ధనమూ చట్టమూ తోడుపడుట అంతకంటె అవసరమని మా అభిప్రాయం.