కారు అద్దాల లోపలి తేమ

కారు అద్దాల లోపలి తేమ అనగా కారు లోపలి గాలిలో ఉన్న నీటి ఆవిరి చల్లని అద్దాన్ని తాకి, అతి సన్నని నీటి బిందువులుగా మారి, అద్దాన్ని మసకబార్చడం. వాడుకలో దీనిని అద్దాలకు ఆవిరి పట్టడం, మంచు పట్టడం అని అంటారు. భౌతికశాస్త్రంలో ఈ ప్రక్రియ పేరు సాంద్రీకరణం. చలి దేశాలలో ఇది ప్రధానంగా శీతాకాలపు సమస్య. తెలంగాణలో చలికాలంతో పాటు వానాకాలంలో కూడా కనిపిస్తుంది. పైగా వానాకాలంలో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన మరొక మసక అద్దం వెలుపల ఏర్పడుతుంది. చూపుకు రెండూ ఒకే విధంగా ఉంటాయి, కాని ఒకదానికి పనిచేసే ఉపాయం రెండవదానిని పెంచుతుంది. అందువలన మసక ఏ వైపున ఉన్నదో తెలుసుకోవడం మొదటి పని.

ఏర్పడే విధానం

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. ఒక ఘనపు మీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 15 డిగ్రీల వద్ద 13 గ్రాముల ఆవిరిని మాత్రమే ఉంచుకోగలదు. చల్లబడుతున్న గాలి ఏ ఉష్ణోగ్రత వద్ద ఆవిరిని వదలడం మొదలుపెడుతుందో దానిని తుషార బిందువు అంటారు. అద్దం ఉష్ణోగ్రత ఇంతకంటే తగ్గినప్పుడు దానిపై తేమ పడుతుంది.

కారులో ఈ ఆవిరికి ముఖ్య ఆధారం ప్రయాణికులే. పెద్దవారి శరీరం నుండి శ్వాస ద్వారా, చెమట పట్టకుండానే చర్మం ద్వారా రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరిగా పోతుంది. ఈ లెక్కన ఐదుగురు కూర్చున్న కారులోకి గంటకు 160 గ్రాములకు పైగా నీరు చేరుతుంది. లోపల 3 ఘనపు మీటర్ల గాలి ఉన్నదనుకుంటే, 22 డిగ్రీల వద్ద అది మోయగలిగినది సుమారు 58 గ్రాములు. అందులో సగానికి పైగా ముందే ఉంటుంది కనుక, అద్దాలు పూర్తిగా బిగించి, బయటి గాలి రాకుండా చేస్తే పది నిమిషాలలోపే అద్దాలు మసకబారడం ఆశ్చర్యం కాదు. తడి గొడుగులు, తడిసిన చెప్పులు, నానిన కాలిపట్టాలు దీనికి అదనం.

పాలకుర్తి ప్రాంతంలో

జనగామ జిల్లాకు చెందిన పాలకుర్తి 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. పాల్కురికి సోమనాథుని జన్మస్థలంగా పేరొందిన ఈ ఊరిలో గుట్టపై సోమేశ్వర లక్ష్మీనరసింహస్వామి ఆలయం ఉన్నది. మహాశివరాత్రి జాగరణ ముగించుకొని తెల్లవారుజామున కుటుంబమంతా ఒకే కారులో, చలికి అద్దాలు మూసుకొని తిరిగి వెళ్ళడం లోపలి తేమకు తగిన పరిస్థితి. మాఘమాసంలో రెండేళ్ళకొకసారి జరిగే మేడారం జాతరలోనూ ఇదే జరుగుతుంది. అక్కడ వాహనాలలోనే నిద్రించేవారికి ఉదయానికి అద్దాల నుండి నీరు కారుతూ కనిపిస్తుంది. నిద్రించేటప్పుడు ఎదురెదురుగా ఉన్న రెండు అద్దాలను రెండు వేళ్ళంత దించి ఉంచితే తేమ చాలావరకు తగ్గుతుంది. తేమ పోవాలని ఇంజను నడుపుతూ నిద్రపోవడం ప్రాణాపాయం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు.

వానాకాలం సంగతి వేరు. బయటి గాలి 26 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 85 శాతం ఉంటే తుషార బిందువు 23 డిగ్రీలకు పైనే ఉంటుంది. ఆ సమయంలో ఏ.సి. గాలి నేరుగా ముందు అద్దానికి తగిలి దానిని 20 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ అద్దం వెలుపలి వైపు పడుతుంది. లోపల ఎంత తుడిచినా పోదు. ఒకసారి వైపర్ తిప్పితే పోతుంది, కాని నిమిషంలో మళ్ళీ వస్తుంది. దీనికి చల్లదనాన్ని తగ్గించి, గాలిని అద్దం మీదికి కాక మనుషుల వైపుకు మళ్ళించాలి.

తొలగించే పద్ధతి

వేలితో లోపలి నుండి గీసినప్పుడు గీత పడితే తేమ లోపల ఉన్నట్లు. అప్పుడు మొదట లోపలి గాలినే తిప్పే మీటను ఆపి, బయటి గాలి వచ్చేట్లు పెట్టాలి. చాలామంది దుమ్ము రాకుండా ఈ మీటను ఎప్పుడూ మూసే ఉంచుతారు. తేమ పోకపోవడానికి తరచుగా ఇదే కారణం. తరువాత గాలిని ముందు అద్దం వైపుకు మళ్ళించి ఏ.సి.నీ, హీటరునూ కలిపి వేయాలి. ఈ రెండింటినీ కలపడం వింతగా తోచినా ఇదే సరైన విధానం. గాలి ముందుగా ఏ.సి. చల్లని గొట్టాల మీదుగా పోయి తనలోని నీటిని అక్కడ వదులుతుంది (ఆగి ఉన్న కారు కింద బొట్లు బొట్లుగా కారే నీరు ఇదే). ఆ తరువాత హీటరు ఆ పొడి గాలిని వేడిచేసి అద్దానికి అందిస్తుంది. హీటరు లేని పాత కార్లలో ఏ.సి.తో, అది కూడా లేకుంటే అద్దాలు కొంచెం దించి సరిపెట్టుకోవాలి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల ముందు తలుపులలో ఉండే చిన్న ముక్కోణపు అద్దం ఈ పనికి ఎంతో ఉపయోగపడేది.

తేమ పోగానే ఏ.సి. ఆపి లోపలి గాలిని తిప్పితే గొట్టాలపై మిగిలిన నీరు మళ్ళీ ఆవిరై ఒక్కసారిగా అద్దం మూసుకుపోతుంది. రాత్రివేళ రెండు వరుసల దారిలో ఎదురుగా లారీ వస్తుండగా ఇలా జరిగితే డ్రైవరుకు తెల్లని వెలుగు తప్ప మరేమీ కనపడదు. చేతితో తుడిస్తే జిడ్డు గీతలు ఏర్పడి వెలుగు మరింత చెదురుతుంది. బండిని రోడ్డు పక్కకు తీసి ఆపి, పొడి నూలుగుడ్డతో తుడుచుకోవడం మేలు.

నివారణ

అద్దం లోపలి వైపు శుభ్రంగా ఉండాలి. సిగరెట్ పొగ, ఎండకు డాష్‌బోర్డు ప్లాస్టిక్ నుండి వెలువడే ఆవిర్లు అద్దంపై కంటికి కనిపించని జిడ్డు పొరగా పేరుకుంటాయి. ఈ మురికిపై తేమ విడివిడి బిందువులుగా నిలిచి వెలుగును చెదరగొడుతుంది. పొడి సబ్బు ముక్కను పలుచగా రుద్ది, మరక కనపడకుండా తుడిస్తే నీటి తలతన్యత తగ్గి బిందువులకు బదులు పారదర్శకమైన పొర ఏర్పడుతుంది; ఇది కొద్దిరోజులే నిలుస్తుంది. వైపర్ చెడినప్పుడు లారీ డ్రైవర్లు పొగాకు రుద్దడం వెలుపలి వాననీటి కోసమే, లోపలి తేమకు కాదు.

ఎండరోజున కూడా ఉదయాన్నే లోపల తేమ కనిపిస్తే కారులోకి నీరు చేరుతున్నట్లు భావించాలి. కాలిపట్టాల కింద చేయి పెట్టి చూడాలి. చెట్టు కింద నిలిపే కార్లలో వేప, చింత ఆకులు ముందు అద్దం దిగువన ఉన్న నీటి కాలువను మూసివేస్తాయి. ఏ.సి. నీరు పోయే గొట్టం పూడినా, తలుపు రబ్బరు చినిగినా ఇదే ఫలితం. అద్దంపై జిడ్డు తేమతో పాటు తియ్యని వాసన వస్తుంటే హీటరులోని కూలెంట్ కారుతున్నదని అర్థం. అది తుడిస్తే పోయేది కాదు, మెకానిక్‌కు చూపించవలసినదే.