నోటిలెక్క ఎడమ నుంచి

కిరాణా కొట్లో బిల్లు 137 రూపాయలైంది, మీరు 500 నోటు ఇచ్చారు. పాతకాలపు కొట్టతను కాగితం వెతుక్కోడు. మూడు రూపాయలు మీ చేతిలో పెట్టి ‘నూట నలభై’ అంటాడు. అరవై పెట్టి ‘రెండొందలు’, మూడొందలు పెట్టి ‘ఐదొందలు’ అని గల్లాపెట్టె మూసేస్తాడు. మీకు 363 వచ్చాయి. ఆ మొత్తం ఎంతో అతను తెలుసుకోనక్కర్లేదు కూడా! తీసివేతను అతను కూడికగా మార్చేశాడు.

బళ్లో ఇలా నేర్పలేదు. 500 కింద 137 రాయాలి. సున్నాలోంచి ఏడు పోదు, పక్కస్థానానికి అప్పుకు వెళ్లాలి. అక్కడా సున్నాయే. కాగితం మీద ఆ పద్ధతికి వంక పెట్టలేం, ఎంత పెద్ద సంఖ్యకైనా పనికొస్తుంది. కానీ అక్కడ కొట్టివేసిన అంకెల్ని, తెచ్చిన అప్పుల్ని కాగితమే గుర్తుపెట్టుకుంటుంది. తలలో చేసేటప్పుడు ఆ బరువూ మనదే.

అందుకే నోటిలెక్కను ఎడమ నుంచి, పెద్ద స్థానం నుంచి మొదలుపెట్టాలంటాను. మన భాష కూడా అటే నడుస్తుంది. ‘నాలుగు వందల అరవై ఎనిమిది’ అంటాం; వందలు ముందు, పదులు తర్వాత, ఒకట్లు చివర. హిందీలో అరవై ఎనిమిదిని ‘అడ్‌సఠ్’ అంటారు, అందులో ఎనిమిదే ముందొస్తుంది. ఆ చిక్కు మనకు లేదు.

468కి 275 కలపాలి. 468కి రెండొందలు కలిపితే 668. దానికి డెబ్భై కలిపితే 738. ఐదు కలిపితే 743. ఒక్కో మెట్టు దగ్గర గుర్తుంచుకోవాల్సింది ఒక్క సంఖ్యే. మధ్యలో ఎవరో పలకరించి 738 దగ్గర ఆగిపోయినా జవాబు ఉజ్జాయింపుగా చేతికొచ్చినట్టే. కుడి నుంచి వెళ్లి ఆగితే మిగిలేది ఒకట్ల స్థానంలోని 3 మాత్రమే.

వందకు దగ్గరి సంఖ్యలకు ఇంకో సులువుంది. 98ని మన పెద్దవాళ్లు ‘రెండు తక్కువ నూరు’ అనేవారు. ఆ మాటలోనే కిటుకంతా ఉంది. బట్టల షాపులో 199, 299, 149 ధరలు కనిపిస్తే 200, 300, 150 అనుకోండి: 650. మూడు తగ్గించండి: 647.

తీసివేతలో మాత్రం జాగ్రత్త, చాలామంది తప్పేది ఇక్కడే. 256లోంచి 98 పోవాలి. వంద తీసేస్తే 156. ఇప్పుడు రెండు కలపాలా, తీయాలా? తీసేయాల్సిన దానికంటే రెండు ఎక్కువ తీసేశాం కదా, వెనక్కి ఇచ్చేయాలి. జవాబు 158.

ఈ తికమక వద్దనుకుంటే రెండు సంఖ్యల్నీ సమానంగా జరపండి. తీసివేత అంటే రెండు సంఖ్యల మధ్య దూరమే. 83, 47 రెండింటికీ మూడేసి కలిపితే 86, 50 అవుతాయి. దూరం మారదు: 36.

ఫోన్‌తో చెల్లింపులొచ్చాక చిల్లర లెక్కపెట్టే అలవాటు తగ్గింది, కొట్టతని విద్యా కనుమరుగవుతోంది. కాగితం, ఫోన్ పక్కన పెట్టి 702లోంచి 358 తీసేయండి. 344 వచ్చిందా?