మామిడితోటకు వెళ్ళిన టీవీ ఆట

పిల్లలూ! కాయ కోతకొచ్చే రోజుల్లో మా మైలవరం, నూజివీడు ప్రాంతాల్లో మామిడితోటలను రాత్రీ పగలూ కాపలా కాస్తారు. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు వేసవి సెలవుల్లో వాళ్ళ తాతయ్యకు తోడుగా తోటలోని పాకలో పడుకుంటాడు. అక్కడ కరెంటు లేదు. ఒకనాడు వాడు అటకమీది పాత టీవీ వీడియోగేము పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, దీన్ని చేత్తో పట్టుకొని తోటలో ఆడుకునేలా చెయ్యొచ్చా?" అని అడిగాడు.

"చూద్దాం, మూత తియ్యి" అన్నాను.

లోపల ఏముంది?

జపానుకు చెందిన నింటెండో సంస్థ 1983లో ఫ్యామికామ్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. తర్వాత మన ఊళ్ళలో అమ్ముడైన టీవీ గేములు చాలావరకు దానికి నకళ్ళే. మూత తీస్తే మావాడు ఆశ్చర్యపోయాడు. పెట్టెలో సగానికి పైగా ఖాళీ! ఒక చిన్న పలక మీద నల్లటి లక్కబొట్టులాంటిది ఉంది. దాని కింద ఉన్న ఒక్క చిప్పే ఆటనంతా నడుపుతుంది. అదీ, క్యాసెట్టు పెట్టే గాడీ, ఒక రెగ్యులేటరూ, కొన్ని తీగలూ, అంతే.

మేం టీవీకి బదులు 5 వోల్టుల చిన్న తెర పెట్టాం. అడాప్టరుకు బదులు ఆరు పెన్సిల్ సెల్లు వరసగా కలిపాం. ఒక్కొక్కటి 1.5 వోల్టులు గనక మొత్తం 9 వోల్టులు. అన్నిటినీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో అమర్చాం. మీట నొక్కగానే బొమ్మ వచ్చింది!

పది నిమిషాల తర్వాత తెర నల్లబడింది. "చిప్పు కాలిపోయిందా మాస్టారూ?" అన్నాడు మావాడు, ముఖం చిన్నబుచ్చుకొని. నేను మూత తీసి రెగ్యులేటరును తాకాను. వేలు చురుక్కుమంది! తప్పు నాదే. డబ్బాలో అన్నీ పడతాయా అని కొలిచానే గాని, వేడి లెక్క కట్టలేదు.

వేడి ఎక్కడిది?

చిప్పుకూ తెరకూ కావలసింది 5 వోల్టులు. సెల్లు ఇచ్చేది 9 వోల్టులు. మిగిలిన 4 వోల్టులను రెగ్యులేటరు వేడిగా మార్చి వదిలేస్తుంది. మేం కొలిస్తే కరెంటు అర ఆంపియరు ఉంది. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు వస్తాయని చదువుకున్నారు కదా! సెల్లు ఇచ్చేది 4.5 వాట్లు. ఆటకు పనికొచ్చేది 2.5 వాట్లు. వేడిగా పోయేది 2 వాట్లు. తొమ్మిది కాయలు కోసి, ఐదు బుట్టలో వేసి, నాలుగు నేలపాలు చేసినట్టన్నమాట!

మూసిన డబ్బాలో ఆ వేడి బయటికి పోలేదు. ఇలాంటి రెగ్యులేటరు మరీ వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది. చల్లారాక ఆట మళ్ళీ మొదలైంది. చిప్పు క్షేమం!

దీనికి విరుగుడుగా స్విచింగ్ రెగ్యులేటరు పెట్టాం. అది కరెంటును సెకనుకు లక్షసార్లకు పైగా కలుపుతూ, తెంపుతూ, ఒక తీగచుట్టలో శక్తిని దాచి అందిస్తుంది. అందులో నూటికి సుమారు పది వంతులే వృథా. ఇప్పుడు సెల్లు ఇవ్వవలసింది 2.8 వాట్లే. మా సెల్లలో మొత్తం 18 వాట్-గంటల శక్తి ఉందనుకోండి. 4.5తో భాగిస్తే 4 గంటలు, 2.8తో భాగిస్తే 6 గంటలకు పైగా! సెల్లు నీరసించేకొద్దీ వోల్టేజి పడిపోతుంది కనుక, నిజానికి ఇంకొంచెం తక్కువే వస్తుంది.

పెద్ద సంస్థలదీ ఇదే సమస్య. 1989లో వచ్చిన నింటెండో గేమ్‌బాయ్ తెరకు రంగులు లేవు, వెనక దీపమూ లేదు. అందుకే నాలుగు పెన్సిల్ సెల్లతో పది గంటలకు పైగా నడిచేది. 1990లో వచ్చిన సెగా గేమ్‌గేర్‌కు రంగులూ దీపమూ ఉన్నాయి. కాని అది ఆరు సెల్లను కొద్ది గంటల్లోనే తినేసేది. అమెరికాలో బెన్ హెకెన్‌డోర్న్ అనే ఆయన 2000లో పాత అటారీ 2600 ఆటయంత్రాన్ని చేతిలో ఇమిడేలా మార్చి పేరు పొందాడు.

ఒక్క హెచ్చరిక. గోడ ప్లగ్గుకు తగిలించిన ఏ పరికరాన్నీ విప్పకండి. పాత గాజుగొట్టం టీవీని అసలే ముట్టుకోకండి. ప్లగ్గు పీకేసినా అందులో ప్రమాదకరమైన వోల్టేజి మిగిలి ఉండవచ్చు. సెల్‌ఫోను బ్యాటరీలను పొడవకండి, వంచకండి. పని తెలిసిన పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి.

మావాడు ఆట తీసుకొని తోటకు వెళ్ళాడు. తాతయ్య కాసేపు ఆడి చూసి, "ఒరేయ్, ఈ సెల్లు నా టార్చిలో వేస్తే ఎన్ని గంటలు వెలుగుతుందిరా?" అని అడిగాడట. టార్చి అర వాటుది. జవాబు మావాడు చెప్పేశాడు. మరి మీరు?