రసాయనశాస్త్ర విద్యకు రెండు ద్వారములు

పదవ తరగతి ముగిసినంతనే మన బాలబాలికలు ఇంటర్మీడియట్ దరఖాస్తుపై ఎం.పి.సి. అనియో, బై.పి.సి. అనియో వ్రాసి యిత్తురు. ఆ సమయమున ఇంజనీరింగు, వైద్యము అను రెండు మాటలే ఇంటివారి నోట వినబడును. రసాయనశాస్త్రము ఆ రెండును దొరకనివారి చదువని పలువురి తలంపు. ఈ తలంపు వలన మంచి తలాంతు గల బిడ్డలు కొందరు దారి తప్పుచున్నారు. కావున ఆ శాస్త్రమును ఉన్నత స్థాయిలో చదువగోరువారికి ఏ పరీక్షలు కలవో, వానికి ఇప్పటినుండియే ఏమి కావలయునో వివరించెదము.

మొదటి ద్వారము ఇంటర్మీడియట్ కాగానే తెరచుకొనును. దేశమున ఐసర్ అను విజ్ఞాన విద్యాసంస్థలు ఏడు కలవు. పూనా, కలకత్తాలలోనివి 2006లో స్థాపింపబడెను. మన తిరుపతిలోనిది 2015లో ఏర్పడెను. అయిదేండ్లు చదివినవారికి బి.ఎస్., ఎం.ఎస్. పట్టములు రెండును లభించును. ఇంటర్మీడియట్‌లో నూటికి 60 మార్కులు (షెడ్యూల్డు కులములు, తెగలవారికి 55) వచ్చినవారు ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్టు వ్రాయవచ్చును. మూడు గంటలలో 60 ప్రశ్నలు; జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రములలో ఒక్కొక్కదానికి 15. సరియైన జవాబునకు 4 మార్కులు, తప్పు జవాబునకు 1 మార్కు కోత.

ఎం.పి.సి. వారికి జీవశాస్త్రము లేదు, బై.పి.సి. వారికి గణితము లేదు. కావున ఎవరికైనను ఒక శాస్త్రము కొరతయే. అయినను నాలుగింట మూడు చదివియున్నచో అర్హత కలదు. తెలియని ప్రశ్నలను విడిచినచో కోత లేదు. మిగిలిన 45 ప్రశ్నలకు 180 మార్కులుండును. అయితే ఈ రెండు కొరతలును సమానములు కావు. రసాయనిక చర్య ఎంత వేగముగా జరుగునో, పరమాణువులో ఎలక్ట్రాను ఎట్లు మెలగునో తెలియుటకు గణితము లేక సాగదు. గణితమునకు జడిసి బై.పి.సి. కోరు బిడ్డలను ఏటేట చూచుచున్నాము. జీవశాస్త్రముపై ప్రీతితో కోరుట వేరు, భయముతో కోరుట వేరు. రసాయనశాస్త్రముపై మనసున్నవారు ఆ గ్రూపులో చేరినను గణితమును ప్రక్కన కొంత చదువుకొనవలెను.

రెండవ ద్వారము బి.ఎస్‌సి. తరువాతిది. దగ్గరి కళాశాలలో బి.ఎస్‌సి. చేరుటకు సాధారణముగా ప్రవేశపరీక్ష యుండదు. తెలంగాణమున దోస్త్ అను పద్ధతిచే ఇంటర్మీడియట్ మార్కులనుబట్టి సీటు దొరకును. అచ్చట శ్రద్ధగా చదివినవారు జామ్ అను పరీక్ష వ్రాసి ఐ.ఐ.టి.లలో ఎం.ఎస్‌సి.కి పోవచ్చును. రసాయనశాస్త్ర పత్రమునకు మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. దాని పాఠ్యప్రణాళికలోను కలనగణితము, మాత్రికలు కలవు. కోచింగునకు వేలకు వేలు పోయలేని ఇండ్ల బిడ్డలకు ఈ ద్వారమే మాకు ముఖ్యముగా తోచుచున్నది.

ఊహించి గుర్తుపెట్టవచ్చునా యని విద్యార్థు లడుగుదురు. లెక్క చూడుడు. నాలుగేసి జవాబు లిచ్చిన ప్రశ్నలు నాలుగింటిని ఊహించినచో సగటున ఒకటి సరిపడును. ఐసర్ పరీక్షలో 4 వచ్చి 3 పోయి 1 మిగులును. జామ్‌లో ఒక మార్కు ప్రశ్నకు కోత మూడవవంతు. అచ్చట మిగులునది సున్న!

ఈ పరీక్షలు బట్టీపట్టుటను మెచ్చవు. 4 గ్రాముల ఉదజనిని 16 గ్రాముల ఆమ్లజనితో మండించిన ఎంత నీరు వచ్చునని యడిగినచో, తొందరపడినవాడు రెండును కూడి 20 అనును. 16 గ్రాముల ఆమ్లజనికి 2 గ్రాముల ఉదజనియే చాలును. 18 గ్రాముల నీరు వచ్చి 2 గ్రాముల ఉదజని మిగిలిపోవును. ఇది మన తరగతిలోనే నేర్వదగిన లెక్క.

ప్రశ్నలు తెలుగున నుండవు. తెలుగు మాధ్యమమున చదువువారు మూలకమునకు ఎలిమెంటు, సమ్మేళనమునకు కాంపౌండు, ఆమ్లమునకు ఆసిడు అని రెండు పేర్లను ఒక్కసారే నేర్చుకొనిన తరువాత కష్టముండదు. జామ్ దరఖాస్తులు శరదృతువున, ఐసర్ దరఖాస్తులు వేసవి ప్రాంతమున పిలుచుట వాడుక. ఇంటర్మీడియట్ పరీక్షల సందడిలో ఐసర్ గడువు తెలియకయే దాటిపోవును గనుక తల్లిదండ్రులే దానిని కనిపెట్టియుండవలెను.