విద్యుత్ జాలపు నాడి

తిరునాళ్లలో రథమును లాగువారిని చూడుడు. వందలమంది మోకు పట్టి ఒకే అడుగు వేయుదురు. వారిలో కొందరు ఉన్నట్టుండి మోకు వదిలినచో ఆ బరువు తక్కినవారిపై పడి నడక మందగించును. ఓర్వలేక మరికొందరును వదిలినచో రథము నిలిచిపోవును. దేశమంతట అల్లుకొనిన విద్యుత్ జాలము, అనగా గ్రిడ్, ఇట్టి రథమే.

గ్రిడ్‌కు కలిపిన జల, బొగ్గు విద్యుత్ కేంద్రముల జనరేటర్లన్నియు ఒకే లయలో తిరుగుచుండును. మన దేశమున ఆ లయ సెకనుకు 50 ఆవర్తనములు. దీనినే పౌనఃపున్యము అందురు. రెండు ధ్రువములు గల జనరేటరు ఈ లయకై నిమిషమునకు 3,000 సార్లు తిరుగవలెను.

చెరువులో నీటివలె తీగలలో విద్యుత్తును నిలువ చేయ వీలులేదు. ఏ క్షణమున వాడకమెంతో ఆ క్షణమున ఉత్పత్తియు అంతే ఉండవలెను. వాడకము మించినచో జనరేటర్ల వేగము తగ్గి పౌనఃపున్యము దిగును. వాడకము పడిపోయినచో పైకెగయును. వైద్యునికి నాడి ఎట్టిదో గ్రిడ్‌ను నడుపువారికి పౌనఃపున్యము అట్టిది.

ఈ లయ తప్పినచో ఏమగునో 2012లో దేశము చూచెను. ఆ సంవత్సరము జూలై 30వ తేదీ రాత్రి రెండున్నర గంటల ప్రాంతమున, మధ్యప్రదేశ్‌లోని బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను విడిపోయెను. ఆ లైను తెగలేదు. భారము మిక్కుటమై వోల్టేజి తగ్గగా, దానిని కాపాడు రిలే ఆ స్థితిని షార్టు సర్క్యూట్‌గా ఎంచి లైనును వేరుచేసెను. దాని భారము ఇతర లైన్లపై పడి అవియు విడిపోగా ఉత్తర ప్రాంతపు గ్రిడ్ కూలిపోయెను. మరునాడు మధ్యాహ్నము ఒంటిగంటకు అదే లైను మరల విడిపోయి, ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును ఆగిపోయెను. సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతమున విద్యుత్తు లేకపోయెను. రైళ్లు నిలిచెను. తూర్పున బొగ్గు గనులలో రెండు వందలమందికి పైగా కార్మికులు చిక్కుకొని, పిదప క్షేమముగా వెలుపలికి వచ్చిరి.

అప్పుడు దక్షిణ గ్రిడ్ విశాఖపట్టణపు గాజువాక వంటి కేంద్రములలో ఏకముఖ విద్యుత్తు ద్వారా మాత్రమే ఇతర గ్రిడ్లతో కలిసియుండెను. కనుక వాటి లయ దీనికి సోకలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూరు లైనుతో దక్షిణ గ్రిడ్ కూడ ఆ మోకు పట్టెను. నేడు శ్రీశైలము జనరేటరు, భాక్రా జనరేటరు ఒకే లయలో తిరుగుచున్నవి. లాభము పెరిగినది, జాగ్రత్తయు పెరుగవలెను.

నియంత్రణ కేంద్రములకు దూరపు సబ్‌స్టేషన్ల కొలతలను చేర్చు పద్ధతికి స్కాడా అని పేరు. ఇది కొన్ని సెకన్లకొకమారు వార్త తెచ్చును. గ్రిడ్ కూలుటకు కొన్ని సెకన్లే చాలును కనుక ఈ వేగము చాలదు. 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్‌లో ఫేజర్ కొలత యంత్రమును నిర్మించిరి. ఇది సెకనుకు 25 లేక 50 మార్లు కొలతలు పంపగలదు. రెండు ఊళ్ల వోల్టేజి తరంగముల నడుమ కోణము ఎంత పెరిగిన ఆ మార్గముపై భారము అంత పెరిగినదని గుర్తు. ఈ కోణము తెలియుటకు రెండు చోట్లను గడియారము ఒకటే కావలెను. ఒక ఆవర్తనమునకు 20,000 మైక్రోసెకన్లు కనుక, ఒక డిగ్రీకి సుమారు 55 మైక్రోసెకన్లే. అందుచేత ఈ యంత్రములు కృత్రిమోపగ్రహముల నుండి కాలమును గ్రహించును.

ముందుగా తెలిసిన ప్రమాదమును దాటవచ్చునని 2020 ఏప్రిల్ 5వ తేదీ నిరూపించెను. ఆ రాత్రి 9 గంటలకు ప్రజలు తొమ్మిది నిమిషములు దీపములార్పగా వాడకము సుమారు 31,000 మెగావాట్లు తగ్గి, మరల పెరిగెను. ఇంజనీర్లు అంతకుముందే జలవిద్యుత్ ఉత్పత్తిని పెంచియుంచి, ఆ సమయమున త్వరత్వరగా తగ్గించి, తిరిగి పెంచిరి. గ్రిడ్ నిలిచెను.

అయినను వార్త చేరుటతోనే పని ముగియదు. 2012లో, కేటాయింపునకు మించి విద్యుత్తు తీసికొనవద్దని నియంత్రణ కేంద్రము రాష్ట్రములకు తెలిపినను తగ్గింపు చాలలేదని విచారణ సంఘము తేల్చినది. పౌనఃపున్యము మిక్కిలి దిగినపుడు కొన్ని ఫీడర్లను తమంతట ఆపు రిలేలు అందులకే కలవు. ఒక ఊరి ఫీడరు కొంతసేపు ఆగుట, సగము దేశము చీకటిలో మునుగుట కంటె మేలు కదా!